చలి వైపు నుంచి వేడి వైపుకి

కప్పు ఎవరు తెచ్చి చేతిలో పెట్టారో ఆమెకి గుర్తులేదు. కాగితం కప్పు, నిండా టీ, వేళ్ళకి చురుక్కుమంటోంది, అంటే ఇప్పుడే పోసిందన్నమాట, అంటే ఎవరో ఇప్పుడే ఈ బెంచీ దగ్గరికొచ్చి, తాగమ్మా అని చెప్పి, వెళ్ళిపోయి ఉండాలి, ఆ ఎవరో మొహం కూడా తను చూసి ఉండాలి, థాంక్స్ కూడా చెప్పి ఉండాలి, మనిషి కొయ్యబారిపోయినా మర్యాద మాత్రం దాని పని అది చేసుకుపోతుంది కాబోలు. ఎదురుగా రెండు రెక్కల తలుపు. తలుపు అవతల పిన్ని. నిన్న పొద్దున కోల్డ్ స్టోరేజీలో అమోనియా పీల్చి, ఇద్దరు హమాలీలని బయటికి లాగి, మూడో మనిషిగా తనే గుమ్మంలో పడిపోయిన పిన్ని. గొంతులో గొట్టం ఇప్పుడు తీస్తాం, సొంతంగా ఊపిరి అందుకుంటే గండం గడిచినట్టే, అందుకోకపోతే మళ్ళీ పెట్టాలి, ఓ గంట పడుతుంది, ఇక్కడే కూర్చోండి, అని డాక్టరమ్మ చెప్పింది. ఇక్కడే కూర్చుంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా కాళ్ళ మీదుగా చల్లగాలి పాక్కుంటూ వస్తోంది, కిందనుంచి చల్లది బయటికి, పైనుంచి వేడిది లోపలికి, ఎవరూ చెప్పక్కర్లేదు, గాలికి దాని దారి తెలుసు, ఛ, ఇప్పుడు కూడా ఇదేనా, పిన్ని అక్కడ అలా ఉంటే నీకు గాలి ఎటు పోతోందో కావాలా, అని తనని తాను తిట్టుకుంది, మళ్ళీ కాళ్ళ వైపే చూసింది.

పిన్ని ముక్కు. ఇంట్లో మనుషులందరికీ ముక్కులుంటే పిన్ని విషయంలో మాత్రం ముక్కుకే ఒక మనిషి ఉందని అమ్మ వేళాకోళం. వీధి మొదట్లో ఉండగానే ఇంట్లో పాలు మాడాయని చెప్పేది, ఎవరు అబద్ధమాడుతున్నారో కూడా వాసనొస్తుందనేది, ఆ మాట నమ్మి చిన్నప్పుడు తను అబద్ధం ఆడేముందు సబ్బుతో మొహం కడుక్కునేది. మెషిన్ రూం సూపర్వైజరు ఉద్యోగం కూడా ఆ ముక్కే ఇప్పించిందని పిన్ని గొప్ప. గదుల్లోకి ఎవరినైనా పంపాలంటే ముందు పిన్ని తలుపు జానెడు తెరిచి, సందులో ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని, ఒక్కసారి పీల్చి, ‘ఊఁ, పొండ్రా’ అనేది. పొండ్రా అన్నాకే లోపలికి. హమాలీలు వెనకాల నిలబడి అదే నటించి చూపించేవాళ్ళు, ఒకడు ముక్కు, ఒకడు తలుపు. పిన్ని చూసి, ‘నవ్వండి, నవ్వండి, నా ముక్కు ఊడిపోయిన్నాడు మీ బతుకులు తెలుస్తాయి’ అనేది. ఊడిపోయిన్నాడు. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చి ఆమె ఒంట్లోంచి ఏదో జారి కిందపడినట్టయింది, నిజంగానే కిందకి చూసింది, ఏమీ లేదు, గచ్చు, చెప్పులు, చెప్పుల మీద టంకం చుక్కలు.

షెడ్డులోంచి పరిగెత్తుకొచ్చిన బట్టలే ఇంకా ఒంటిమీద. టంకం పెట్టేటప్పుడు వచ్చే కాలిన జిగురు వాసన జుట్టులో, మెళ్ళో, వేళ్ళ సందుల్లో. ఎప్పుడు పిన్నింటికి వెళ్ళినా చెప్పులు విప్పకుండానే లోపల్నించి కేక. ‘వచ్చిందండీ కాలిన జిగురు! ముందు స్నానం, తర్వాతే కబుర్లు.’ ఇరవయ్యారేళ్ళ మనిషి, నలుగురు పనిచేసే షెడ్డులో డిజైనంతా తనే చూసుకునే మనిషి, పిన్నింట్లో మాత్రం ముందు స్నానం చేసి రావాల్సిన పిల్ల. నిన్నటి నుంచి స్నానం లేదు. లేస్తే ఈలోగా తలుపు తెరుచుకుంటుందేమోనని లేవలేదు.

షెడ్డులో తను తయారుచేస్తున్న గాలి పంపు సంగతి మొదట పిన్నికి చెప్పినప్పుడు పిన్ని నమ్మలేదు. ఫ్యాను లేదు, మోటారు లేదు, తిరిగేది ఏదీ లేదు, అరిగేది ఏదీ లేదు, చప్పుడు లేదు, కరెంటు కూడా అక్కర్లేదు, ఒక వైపు చల్లగా ఒక వైపు వెచ్చగా ఉంటే చాలు, గాలి దానంతటది నడుస్తుంది. మధ్యలో తెల్లటి పలక ఒకటి, షెడ్డులో దాన్ని బిస్కెట్ అంటారు, పట్టుకుంటే విరుగుతుంది కాబట్టి. దాని నిండా కంటికి కనపడని సందులు. సందులు ఎంత ఇరుకంటే గాలి రేణువులు ఒకదాన్నొకటి తోసుకోవడానికి కూడా చోటుండదు, గోడలకే కొట్టుకుంటూ పోవాలి, అలాంటి ఇరుకులో మాత్రం గాలి వింతగా చల్లని వైపు నుంచి వేడి వైపుకి పాకుతుంది. కొత్తగా చేరిన ప్రతివాడూ మొదటిరోజు ఇది తిరగేసి చెబుతాడు, వేడిగాలి కదండీ తోసేది అంటాడు, తనూ అలాగే చెప్పి ఆరోజు అందరికీ టీలు ఇప్పించింది, ఆ తర్వాత తనే షెడ్డు గోడ మీద బారెడు అక్షరాలతో రాసింది, చలి నుంచి వేడికి. ఇదంతా విని పిన్ని, ‘ఇందులో వింతేముందే, నేనూ అంతేగా, డ్యూటీ అంతా చల్లగదిలోంచి టీ పొయ్యి దగ్గరికి పాకుతూనే ఉంటాను’ అంది. ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. తర్వాత పిన్నే, ‘మరి దాన్ని నా గదికి పెట్టు, లోపలి గాలిని బయటికి లాగి వాసన చూసి చెబుతుంది కదా, నా ముక్కుకీ ఓ రిటైర్మెంటు కావాలి’ అంది. పెట్టింది. చల్లని కొస గది లోపల, అమోనియా తిరిగి గదిని చల్లబరిచే, మంచుపట్టే కాయిల్ ఫ్రేముకి. వెచ్చని కొస బయట వరండాలో. లోపలి గాలి బిస్కెట్ గుండా పాక్కుంటూ వరండాలో ఉన్న డిటెక్టర్లోకి. అమోనియా ఉంటే ఎర్రలైటు, సైరన్. లేకపోతే, గాలి బాగా ఆడుతుంటే, ఆకుపచ్చలైటు. గాలి చాలకపోతే పసుపుది మిణుకుమిణుకు.

ఫోను. అమ్మ. బస్సులో ఉంది, ఇంకా సగం దారి. ‘తీశారా?’ ‘ఇంకా లేదమ్మా.’ ‘నువ్వు ఏమన్నా తిన్నావా?’ ‘ఊఁ.’ ‘అబద్ధం. అదుంటే వాసన పట్టేసేది’ అంది అమ్మ, అని ఏడుపో నవ్వో తెలియని చప్పుడు చేసింది, బస్సు హారన్లో అది కలిసిపోయింది. ఫోను పెట్టేశాక కూడా ఆమె చెవి దగ్గరే ఉంచుకుంది. అదుంటే అంటుందేమిటి అమ్మ. ఉంది కదా. తలుపు అవతల ఉంది కదా.

మొదటి పంపు మొద్దుది. ఆ మాట తను అనలేదు, పిన్నే అంది. ‘పొద్దున్న అడిగితే సాయంత్రం చెబుతుందే నీ పంపు.’ బిస్కెట్ మందంగా ఉంటే వేడి చలి వేరువేరుగా నిలుస్తాయి గానీ గాలి దూరదు, పల్చన చేస్తే గాలి దూరుతుంది గానీ వేడి కూడా దూరి రెండు వైపులూ ఒకటైపోతాయి. ఈ తగువు తీర్చడానికే ఏడాది. దానికితోడు రెండువైపులా అల్యూమినియం దిమ్మలు, ఇటుకంత బరువు, ఒకసారి చల్లబడితే వేడెక్కవు, ఒకసారి వేడెక్కితే చల్లబడవు. మరీ అన్యాయం డీఫ్రాస్టప్పుడు. కాయిల్‌కి పట్టిన మంచు కరగడానికి మధ్యమధ్య వేడి అమోనియా వాయువుని దాంట్లోకి వదులుతారు, కాయిల్ కాసేపు పొయ్యిలా అవుతుంది, దిమ్మ మెల్లిగా వేడెక్కుతుంది, గాలి నీరసిస్తుంది, పసుపులైటు మొదలు. ‘డీఫ్రాస్ట్ అనగానే మొహం మాడ్చుకుంటుంది నీ పంపు, బయట లోడు ఆగిపోతోంది, ఆ మేనేజరు నా ప్రాణం తీస్తున్నాడు, మళ్ళీ నా ముక్కే పెట్టాల్సొస్తోంది’ అని పిన్ని సతాయింపు. ముక్కు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పానే పిన్నీ, ఊపిరితిత్తులు పాడవుతాయి, లైటు చూడు చాలు, ఇంకొన్నాళ్ళు ఓపికపట్టు, చురుకైనది చేసిస్తాను. చేసింది. దిమ్మలు తీసి పారేసింది, వాటి బదులు దువ్వెన పళ్ళలాంటి సన్నటి రేకులు, బిస్కెట్ సగానికి సగం పల్చన. బరువు అరచేతిలోకి వచ్చేసింది, లాగే గాలి మూడింతలయింది. షెడ్డంతా గంతులు. పాత దిమ్మ ఒకటి ఇప్పుడు షెడ్డు తలుపు మూసుకుపోకుండా అడ్డంగా ఉంది. కొత్తది బిగించిన రోజు పిన్ని ఆ లైటు ముందు నిలబడి, ‘ఇహ నా ముక్కు దేనికీ, పొడుం పీల్చుకోవడానికే’ అంది, పొడుం అలవాటు లేని మనిషి.

‘అమ్మా, నువ్వేమీ దిగులు పెట్టుకోకు’ అన్నాడు మేనేజరు. ఎప్పుడొచ్చాడో, పక్కన కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో పళ్ళ సంచి. మంచివాడే. నిన్న అంబులెన్సులో కూడా వచ్చాడు. ‘హమాలీలిద్దర్నీ పొద్దున ఇంటికి పంపించేశారు. పిన్నిగారికీ ఏమీ కాదు. నీ యంత్రం మీద మాట రానివ్వను, నేను చెబుతున్నాగా. మేం వెళ్ళేసరికి ఎర్రలైటు వెలుగుతూనే ఉంది, సైరన్ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. పదిమందిమి చూశాం. నీది దాని పని అది చేసింది. పాపం పిన్నిగారే... చూసుకోలేదు. వయసు. చూసుకోకుండా పొండ్రా అనేసి ఉంటారు.’ ఆమె తలూపింది. ఎందుకు ఊపిందో తెలీదు. పొండ్రా అనే ముందు చూసుకోని పిన్ని ఎవరో ఆమెకి తెలీదు, ఆ మనిషిని ఊహించుకోవడానికి ప్రయత్నించింది, పిన్ని మొహానికి వేరేవాళ్ళ కళ్ళు అతికించినట్టుంది. కానీ ఎర్రలైటు పదిమంది చూశారు. ‘పైవాళ్ళకి ఇవాళ రాసి పంపాలి’ అన్నాడతను, ‘మెత్తగానే రాస్తాలే.’

మళ్ళీ ఫోను. ఈసారి స్క్రూ. షెడ్డులో బిగింపుల పనంతా అతనిది, ఆ పేరు తప్ప వేరే పేరుతో ఎవరూ పిలవరు. పొద్దున్నే కోల్డ్ స్టోరేజీకి పంపింది అతన్ని, చూసి రమ్మని. గొంతులో సంబరం దాచుకోలేకపోతున్నాడు. ‘అక్కా, మనది సూపర్. విప్పి చూశా, బిస్కెట్‌కి గీత కూడా పళ్ళేదు. డిటెక్టర్ ముందు అమోనియా సీసా మూత తీశా, ఠక్కున ఎర్రలైటు. బతికిపోయాం అక్కా! రాత్రంతా నిద్రపట్టలేదు నాకు.’ ‘లీకు ఎక్కడట?’ ‘కాయిల్ దగ్గర, వాల్వు జాయింటు. డీఫ్రాస్ట్ నడుస్తోందట, వేడి వాయువు వదలగానే ఊడింది.’ ‘ఊఁ.’ ‘అక్కా, వింటున్నావా? పిన్నిగారెలా ఉన్నారు?’ ‘ఇంకా తీయలేదు’ అంది ఆమె. డీఫ్రాస్ట్ నడుస్తోంది. ఊఁ. డీఫ్రాస్ట్ నడుస్తోంది. ఏమైతే. ఏమీ కాలేదు, ఒక్క ముక్క చెడలేదు, బతికిపోయాం, ఈ మాట విని ఊపిరి పీల్చుకోవాలి కదా మనిషి, ఎందుకు పీల్చుకోలేకపోతోంది.

టీ తాగనేలేదు. కప్పు రెండు చేతుల మధ్య అలాగే ఉంది. పిన్నింట్లో అయితే లావుపాటి పింగాణీ కప్పు, అంచు పగిలింది, దాంట్లో టీ పోసి మర్చిపోయి వచ్చినా వెచ్చగానే ఉంటుంది, మూతి కాల్చుకునే కప్పని బాబాయి బతికున్నప్పుడు తిట్టేవాడు. ఇది కాగితం. పల్చనిది. ఏదైనా ఇట్టే వదిలేస్తుంది. ఈ ఆసుపత్రి ఏసీ వరండాలో ఎప్పుడో చల్లారిపోయింది, అసలు చల్లారడం కాదు, చల్లగా ఉంది. వేళ్ళు చూసుకుంది. ఇందాక కప్పు చేతుల్ని కాల్చింది. ఇప్పుడు చేతులు కప్పుని వెచ్చబెడుతున్నాయి. కప్పు అదే, చేతులు అవే, పట్టు కూడా మారలేదు. మధ్యలో ఎప్పుడో అటునుంచి రావడం మానేసి ఇటునుంచి పోవడం మొదలైంది. ఎప్పుడు? తనకి తెలియనే లేదు.

కన్ను కొట్టింది.

కొత్త పంపు బిగించిన రోజు డీఫ్రాస్ట్ మొదలైనప్పుడు తను, పిన్ని, స్క్రూ ముగ్గురూ లైటు ముందే నిలబడ్డారు, మొహం మాడ్చుకుంటుందా లేదా అని. పచ్చది అలాగే ఉంది. ఉండి, ఉండి, ఒక్క క్షణం పసుపు, రెప్పపాటు, మళ్ళీ పచ్చ. ఇంతకుముందుకంటే గట్టి పచ్చ. ‘చూశావా, నీకు కన్ను కొట్టింది’ అంది పిన్ని స్క్రూతో, అతను చెవులదాకా ఎర్రబడ్డాడు, ముగ్గురూ నవ్వుకున్నారు, ఎక్కడో వైరు కదిలుంటుందని తను ఒకసారి బిగించి చూసి వచ్చేసింది. వైరు కాదు. వైరు కాదు, దేవుడా, వైరు కాదు. గాలి ఆగింది. ఆగి, తిరిగింది. కాయిల్ పొయ్యిలా అయినప్పుడు గది లోపలి కొస వేడిది అయిపోయింది, వరండా కొస చల్లది అయిపోయింది, పాత దిమ్మలైతే మొద్దుగా, బద్ధకంగా, డీఫ్రాస్ట్ అయ్యేదాకా వేడెక్కీ వేడెక్కక వేలాడేవి, నావల్ల కావట్లేదని పసుపులైటుతో మొరపెట్టుకునేవి, అప్పుడు పిన్ని ఆగేది, ముక్కు పెట్టేది. ఈ సన్నటి రేకులకి బద్ధకం లేదు. ఇట్టే వేడెక్కాయి. గాలి ఇట్టే వెనక్కి మళ్ళింది. వరండాలోని మంచిగాలిని డిటెక్టర్ గుండా గదిలోకి లాగింది, డిటెక్టర్ వరండా గాలి వాసన చూసి, అమోనియా లేదంది, గాలి బాగా ఆడుతోందంది, పచ్చలైటు వేసింది. గాలి ఆడుతోందా అని చూసే తీగ ఎంత అని చూస్తుంది, ఎటు అని చూడదు. ఎటు అని ఎందుకు చూడాలి, గోడ మీద బారెడు అక్షరాలతో రాసుంది కదా ఎటో. ఆ అక్షరాలు నిన్న కూడా అబద్ధం కాలేదు. చలి నుంచి వేడికే నడిచింది. నిన్న పంపు చెడలేదు, నిద్రపోలేదు, పొరపాటు పడలేదు, ఇంత చక్కగా ఎప్పుడూ పనిచేయలేదు. డీఫ్రాస్ట్ అయిపోయి కాయిల్ చల్లబడగానే బుద్ధిగా ఇటు తిరిగి, లోపలి గాలి లాగి, ఎర్రలైటు వేసి, సైరన్ మోగించి, పదిమందికి చూపించింది. అప్పటికి పిన్ని గుమ్మంలో ఉంది.

పిన్ని చూసింది. చూసే పంపింది. తలుపు సందులో పెట్టాల్సిన ముక్కుని, వద్దని ఇన్నిసార్లు పోరిన పిల్ల మాట విని, పెట్టలేదు.

ఈ సంగతి ప్రపంచంలో ఒక్క మనిషికే తెలుసు, ఆ మనిషి చేతిలో చల్లటి టీ ఉంది. యంత్రానికి జ్ఞాపకం లేదు, ఏ క్షణాన ఏ లైటు వెలిగిందో దానిలో ఎక్కడా మిగలదు. స్క్రూ బతికిపోయాం అంటున్నాడు. మేనేజరు మెత్తగా రాస్తానంటున్నాడు. పంపుని చడీచప్పుడు లేకుండా విప్పి, దిమ్మలు మళ్ళీ బిగించి, ఇంకా మెరుగుచేశామండీ అంటే చాలు, షెడ్డులో నలుగురి కొలువులూ నిలుస్తాయి. పిన్ని మీద మాత్రం ‘వయసు’ అన్న మాట పడుతుంది. ‘చూసుకోలేదు’ అన్న మాట పడుతుంది. పిన్ని కూడా నమ్ముతుంది, అది అసలు భయం, నేనే చూసుకోలేదేమోనే అని రోజూ కాస్త కాస్త నమ్మి, చివరికి పూర్తిగా నమ్ముతుంది, ఎందుకంటే తన కళ్ళకంటే పిల్ల చేసిన యంత్రం మీదే పిన్నికి నమ్మకం. తల లోపల గాలి ఎటూ కదలడం లేదు, రెప్పపాటు పసుపు.

‘ఏమండీ’ అంది ఆమె. ‘లైటు పచ్చగానే ఉంది.’

మేనేజరు ఫోన్లోంచి తలెత్తాడు. ‘ఏ లైటమ్మా?’

‘నిన్న. పిన్ని పంపినప్పుడు. పచ్చగానే ఉంది. మీరు వచ్చేసరికి ఎర్రగా మారింది. డీఫ్రాస్టప్పుడు నా పంపు వెనక్కి తిరుగుతుంది, బయటి గాలి లోపలికి లాగుతుంది. ఇప్పుడే తెలిసింది నాకు.’

అతను ఆమెని చూశాడు, తలుపుని చూశాడు, ఎందుకో పళ్ళ సంచిని కూడా చూశాడు. ‘అమ్మా, రాత్రంతా నిద్రలేదు నీకు. ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా? నువ్వు గనక ఇది పైకి చెబితే...’

‘తెలుస్తోంది. రాయండి. మెత్తగా రాయక్కర్లేదు. ముందు ఫోన్ చేసి దాన్ని ఆపించండి, ఇంకో డీఫ్రాస్ట్ వస్తుంది.’

అతను లేచి నాలుగడుగులు వేశాడు, ఆగాడు, నంబరు నొక్కాడు. ‘ఆ గదిలోకి ఎవర్నీ పోనివ్వకండి. లైటు? లైటు ఏ రంగులో ఉన్నా సరే’ అంటుంటే విని ఆమె కప్పు బెంచీ కింద పెట్టింది. అప్పుడే తలుపు తెరుచుకుంది. కాళ్ళ మీదికి చల్లగాలి. గొట్టం తీశాం, ఊపిరి సొంతంగానే ఆడుతోంది, ఎక్కువ మాట్లాడించొద్దు, కళ్ళకి కట్టు రెండు రోజులుంటుంది, చూపుకి భయం లేదు, ముక్కు సంగతి ఇప్పుడే చెప్పలేం, లోపలంతా కాలింది, అని డాక్టరమ్మ ఒక్కో మాటా నెమ్మదిగా చెప్పింది, ఆమెకి అన్నీ ఒకేసారి వినపడ్డాయి.

పిన్ని మంచం మీద చిన్నగా ఉంది. కళ్ళ మీద దూది, మూతి మీద మాస్కు, ముక్కు పక్కన ఎర్రగా కందిన చర్మం. ఆమె మంచం పక్కదాకా వెళ్ళి నిలబడింది. జుట్టులో, మెళ్ళో, వేళ్ళ సందుల్లో కాలిన జిగురు, వరండాలో వాళ్ళు కూడా మొహం తిప్పుకునేంత. నిలబడింది. పిన్ని మొహంలో ఏమీ కదల్లేదు. మంచం పక్కన మనిషి ఉన్నట్టే పిన్నికి తెలియలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె పిన్ని దగ్గరికి ఎప్పుడూ ఇలా, కబురు లేకుండా, రాలేదు.

‘పిన్నీ, నేను.’

చెయ్యి గాల్లో వెతికింది. ఆమె పట్టుకుంది. మాస్కులోంచి గీరుకుపోయిన గొంతు. ‘కుర్రాళ్ళు?’

‘బావున్నారు. ఇద్దరూ ఇంటికెళ్ళిపోయారు.’

పిన్ని ఊపిరి అందుకుంది. తర్వాత, ‘పచ్చదే... కదే?’

‘పచ్చదే.’

‘నేను సరిగ్గానే...’

‘సరిగ్గానే చూశావ్ పిన్నీ. అది తప్పు చెప్పింది. నేను చేసిందే తప్పు చెప్పింది. మీ మేనేజరుకి చెప్పేశా.’

పిన్ని వేళ్ళు ఆమె వేళ్ళ మీద ఆగిపోయాయి. తిడుతుందనుకుంది. తిడితే బావుండుననుకుంది. పిన్ని తల కొంచెం ఇటు తిప్పి, మాస్కు లోపల ఒకసారి పీల్చింది, మళ్ళీ పీల్చింది, తలుపు సందులో నిలబడి పీల్చినట్టే, ఆగి, వాసన చూసి. మాస్కు తెల్లగా మసకేసింది, మసక పోయింది.

‘ఏం వాసనే నువ్వివాళ?’ అంది.

‘కాలిన జిగురే.’

‘స్నానం?’

‘చెయ్యలేదు.’

‘ఛీ’ అంది పిన్ని, చెయ్యి వదలకుండా.